చక్కెర చదివింపు

మా అమ్మ పదకొండేండ్లు మొక్కినంక పుట్టినానంట నేను.
అందుకే కుళ్లాయమ్మ.
బడిలో నాతో కలిపి నలుగురం.
పెద్ద కుళ్లాయమ్మ, నల్ల కుళ్లాయమ్మ,
టైలరు కూతురు కుళ్లాయమ్మ, నేను.
హాజరు పిలిచేటప్పుడు మా ఇంటిపేర్లతో ఏగలేక
అయివారు అంకెలు పెట్టినాడు.
నేను మూడు.

ఇప్పుడు ముప్పై ఎనిమిది.
మొక్కుకు పుట్టినదానికి
మొక్కులు పనిచేయకపోవచ్చని
ముందుగా ఎవరూ చెప్పలేదు.

అనంతపురంలో, సాయినగర్లో, రెండో అంతస్తు.
అక్కడ టోకెన్ పిలుస్తారు, పేరు కాదు.
మళ్లా అంకెనే.
గోడ మీద ఒక తెల్ల పిల్లోడు నవ్వుతాంటాడు,
వాని కండ్లు నీలం.
మా పక్క ఎవరికి పుడతాడు అట్లాంటోడు?
బొడ్డుకు రెండు వేళ్లు పక్కన సూది.
మందు చల్లగుండాలంటే మా ఆయన
వీధి చివర సోడా అంగట్లో, ఫ్రిజ్జులో,
గోలీసోడాల మధ్యన పెట్టించినాడు.
అంగడాయన ఇదేమని అడగలేదు.
ఆ మర్యాద నాకింకా గ్యాపకం ఉండాది.
రెండెకరాల శెనక్కాయ దుడ్డు ఒకసారికి,
బోరుమోటారు అమ్మింది ఇంకోసారికి.
పద్నాలుగో దినం ఫోన్లో ఒక పాప
"నెగెటివ్ మేడం" అనె.
నన్ను మేడం అన్నది ఇంతవరకు ఆ పాపొక్కతే.

పేరు పెట్టే పండగలకు నన్నూ పిలుస్తారు, పిలవరని కాదు.
బిడ్డను తొట్లో ఏసే గడియకు సరిగ్గా
"కుళ్లాయమ్మా, బిందెడు నీళ్లు తెస్తావా" అంటారు.
తెస్తాను.
కొళాయి దగ్గర నిదానంగా నింపుతాను.

చేన్లో శెనక్కాయ పూసేది చూస్తాను.
పసుప్పచ్చ పువ్వు, పొద్దున పూసి మాపటికి వాడుతాది.
దాని మొదట్నుంచి ఊడ బయల్దేరి
మట్టిని ఎతుక్కుంటా కిందికి వంగుతాది.
నేల గట్టిబడింటే దిగదు,
గాల్లోనే కొన నల్లబడి ఆగిపోతాది.
ఆ చెట్టును ఎవరూ గొడ్డుదనరు.
వాన రాలేదంటారు.

పీర్ల పండగకు గూగూడు పోతిమి, అత్తా నేనూ.
ఊదు పొగ, నిప్పుల గుండం చుట్టూ జనం,
నా కొంగులో పావు కిలో చక్కెర.
"ఎవరి పేరున చదవాల?" అన్నాడు ముజావరు తాత.
పదమూడేండ్లుగా పుట్టబోయేవాని పేరునే చదివించినాం.
పుట్టకుండానే వానికి పదమూడు నిండినాయి.
ఈపాటికి సైకిలు కావాలని ఏడుస్తాండాల.

నోట్లో మాట తిరుగుతాండగానే
ఎనకాల ఎవరో ఆడమనిషి
"కుళ్లాయమ్మా!" అని గొంతు చించుకునె.
తిరిగినా.
ఒక ముసలామె తిరిగింది.
బందోబస్తుకొచ్చిన పోలీసామె తిరిగింది.
గాజులమ్మే ఆమె, పుల్లైసు చీకే పిల్ల,
చంకలో మనమణ్ని పెట్టుకున్న ఇంకొకామె.
ఒక్కొక్కరం ఒక్కొక్క తల్లి ఏడ్చి అడిగినోళ్లమే.
మొగాలు మొగాలు చూసుకుని నవ్వొచ్చె.
పిలిచింది ఎవర్నో ఇప్పటికీ తెలీదు.

"నా పేరుననే చదువు తాతా" అన్నా.
"కోరికేంది?"
"అది మా అమ్మది. తీరిపోయింది."
ఆయన ఒక ఘడియ నన్ను చూసి
కండ్లు మూసుకుని చదివినాడు.

తిరుగు బస్సులో అత్త పొట్లం ఇప్పి
మూడు వేళ్లతో చక్కెర నోట్లో ఏసుకుండె.
ఆమెకు షుగరు మున్నూరు దాటి ఉండాది.
"నువ్వేం అడిగినావత్తా?"
"నేను అడిగేది మాని మూడేండ్లాయ."
"మరి ఏటేటా ఎందుకు లాక్కొస్తావు నన్ను?"
"అలవాటైపోయినాడు లే" అనె,
ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.

నార్పల దాటకముందే నా భుజాన నిద్రపోయింది.
నోరు కొంచెం తెరిచి,
పెదవి అంచున రెండు చక్కెర పలుకులు.
తుడవాలని చెయ్యెత్తినా.
పోనీలే.
లేచినంక తనే నాక్కుంటాది.